మనవులు రాసేవాళ్ళు

మా బావగారు నిత్యానందం గారికి కుడి చెవి వినపడదు. ముప్పై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ పక్కన నిలబడిన మనిషికి ఒక చెవైనా మిగిలిందంటే అదే దేవుడి దయ. పెదపాడు దాటాక, కొల్లేటి చెరువుల్లో పట్టిన చేపలు లారీలకెక్కే చోట ఉంటుంది ఆ ఫ్యాక్టరీ. ఆయన అందులో మిషన్ ఆపరేటరు. జీతం ఐసుది, ప్రాణం చర్చి సంఘానిది అని మా అక్క సుగుణ విసుక్కుంటూ ఉండేది. నేను అక్కకు చెల్లెలిని, పేరు చంద్రకళ. ఎదురిల్లే మాది. అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని కూర్చుంటాను. ఆయన గురించి నాకు తెలియనిది లేదు, తెలిసింది దాచుకునే అలవాటూ నాకు లేదు.

మా పేటలో చర్చి చిన్నది. పాస్టరు అయ్యగారు ఏలూరు నుంచి వస్తారు, ఆయనకు ఇలాంటివి నాలుగున్నాయి. అయ్యగారు రాని వారాల్లో గుడి భారమంతా సంఘ పెద్ద నిత్యానందం గారి మీదే. నడపడం ఎవరైనా నడుపుతారండీ, ఆయన నడిపేవాళ్ళను తయారు చేసేవారు. నలుగురిలో నోరు విప్పమంటే చెమటలు పట్టే కుర్రాణ్ణి పట్టుకొచ్చి, రెండేళ్ళలో మైకు ముందు నిలబెట్టేవారు. అలా ఆయన చేతికింద తయారైనవాళ్ళలో ఒకాయన అత్తిలి దగ్గర సంఘం నడుపుతున్నాడు. ఒకావిడ కామవరపుకోట వైపు ఊళ్ళలో స్త్రీల కూటాలు చూసుకుంటోంది. తాడేపల్లిగూడెంలో ఒకడు సండేస్కూలు పెట్టాడు, వాడు చిన్నప్పుడు నత్తివాడు.

ఆయన పద్ధతి విచిత్రంగా ఉండేది. కొత్తగా బైబిలు వాక్యం చెప్పబోయేవాళ్ళను ఫ్యాక్టరీకి రమ్మని, కంప్రెసర్ హోరులో అవతలి గోడ దగ్గర నిలబెట్టి, "చెప్పు నాన్నా, నాకు వినపడాలి" అనేవారు. ఆ హోరు దాటి వచ్చిన గొంతు మా గుడిలో ఆఖరి వరసకు రాకుండా పోతుందా? చెప్పడం అయ్యాక ఒకే ఒక్క తప్పు దిద్దేవారు. ఎన్ని తప్పులున్నా సరే, వారానికి ఒక్కటే. "రెండు చెబితే మనిషి ముడుచుకుపోతాడు చంద్రకళా" అనేవారు. మా అక్క కూరలో మాత్రం ఒక్క పూటకే నాలుగు తప్పులు పట్టేవారనుకోండి, అది వేరే సంగతి.

తరువాత చేతికి ఒక పొడుగు నోటు పుస్తకం ఇచ్చేవారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఎవరో ఒకరింట్లో ప్రార్థన పెట్టుకుంటాం. చెరువుల మీదికి చేపలు పట్టడానికి వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే లేస్తారు, సాయంత్రానికి వాళ్ళ కళ్ళు మూతలు పడిపోతాయి, అందుకని మూడింటికి. వచ్చినవాళ్ళు తమ తమ మనవులు చెబుతారు. మోకాళ్ళ నొప్పులు, కొడుకు కువైట్ వీసా, రొయ్యకు తగిలిన తెగులు, మొగుడి తాగుడు. కూటం నడిపేవాళ్ళు అవన్నీ వరసగా అంకెలు వేసి రాసుకుని, ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థన చేస్తారు. ఇక్కడ మా బావగారిది ఒక నియమం ఉండేది. రాసేవాళ్ళు తమ మనవి రాసుకోకూడదు.

"పెళ్ళిలో వడ్డించేవాడు ముందు కూర్చుని తింటాడేంటమ్మా?" అనేవారు. ఆ నియమం ఊరికే పుట్టలేదు. అంతకుముందు సంఘ పెద్దగా ఉన్నాయన ప్రతి గురువారం తన పొలం కోర్టు కేసు గంటసేపు చెప్పి, మిగతావాళ్ళకు ఐదు నిమిషాలు వదిలేవాడు. ఆయనతో వేగలేక పెట్టిన నియమం. అప్పుడు అందరికంటే ముందు భేష్ అన్నది నేనే. నా నోరు పడిపోను.

మానస ఇరవై రెండేళ్ళ పిల్ల. తండ్రి లేడు, తల్లి చేపల ప్యాకింగుకు వెళ్ళేది. సన్నటి గొంతు. కంప్రెసర్ దాటించడానికి మా బావగారికి ఏడాది పట్టింది. ఒకసారి దాటాక, అబ్బ, ఆ పిల్ల ప్రార్థన చేస్తుంటే నా మిషను చక్రం మీద చెయ్యి ఆగిపోయేది. ఎవరి పేరూ మరిచేది కాదు. పోయిన వారం ఎవరో చెప్పిన గేదె సంగతి కూడా గుర్తుపెట్టుకుని, "ఈనిందాండీ?" అని అడిగేది. "నా తరువాత ఈ పిల్లేనే సుగుణా" అని బావగారు మా అక్కతో అనడం నేను చెవులారా విన్నాను.

ప్రార్థనలకు చెరువు గట్టు మీదుగా వెళ్ళేవాళ్ళం. మానస నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. వంగి చెప్పు సర్దుకునేది. గట్టు దాటేలోపు మూడుసార్లు, నాలుగుసార్లు చెప్పు సర్దుకునేది. ఒకరోజు నేను ఉండబట్టలేక, "ఏమే, పెళ్ళికూతురి నడక ఇప్పటినుంచే నేర్చుకుంటున్నావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది, జవాబు మాత్రం చెప్పలేదు. జవాబు చెప్పడానికి ఊపిరి చాలలేదని నాకేం తెలుసు?

2018 వానాకాలంలో ఒక గురువారం మా అరుగు మీదే కూటం. మానసే నడిపింది. మనవులు రాసుకుంది, ప్రార్థన చేసింది, అందరికీ వందనాలు చెప్పి వెళ్ళింది. ఆదివారం గుడికి రాలేదు. సోమవారం ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మంగళవారం పొద్దున్నే పోయింది. చిన్నప్పుడెప్పుడో కీళ్ళ జ్వరం వచ్చి గుండెలో కవాటం పాడైందట. "ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి ఎలా నడిచిందండీ? మీలో ఎవరికీ చెప్పలేదా?" అని డాక్టరు అడిగాడు. మా బావగారు ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డారు.

జ్ఞాపకార్థ కూటం అయ్యాక మానస తల్లి ఆ నోటు పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "సంఘానిది కదండీ, మీ దగ్గరే ఉంచండి" అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. ఆఖరి పేజీలో పద్నాలుగు మనవులున్నాయి. అందులో నాదీ ఉంది, మిషను మోటారు కాలిపోకూడదని. పద్నాలుగు కింద పదిహేను అంకె వేసి, పక్కన చుక్క పెట్టి ఉంది. ఆ తరువాత ఏమీ లేదు.

"ఇది ఎవరిది చంద్రకళా?" అన్నారు.

"ఎవరో చెప్పబోయి మానేసి ఉంటారు బావగారూ."

"ఎవరు?"

ఆ రోజు మా అరుగు మీద మానస, బావగారు కాక పద్నాలుగు మందిమే ఉన్నాం, అందరం చెప్పేశాం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

తరువాత ఆరేళ్ళు ఆయన ఎవరికీ పుస్తకం ఇవ్వలేదు. ఫ్యాక్టరీలో పని మానేశారు. కూటంలో ఎవరు ఏ కాగితం మీద మనవులు రాసినా సరే, అయ్యిందనగానే చెయ్యెత్తి "కాస్త ఆగండి" అనేవారు. ఆగేవాళ్ళం. ఆయన వెనక గోడ వైపు చూస్తూ కూర్చునేవారు, ఎవరో ఇప్పుడు నోరు విప్పబోతున్నట్టు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. పిల్లలు భయపడి తల్లుల ఒళ్ళో దూరేవారు. చివరికి ఆయనే, "ఊఁ, కానివ్వండి" అనేవారు.

గట్టు మీద ఇంకా ఘోరం. పట్టపగలు, ఎండ మాడు పగలగొడుతుంటే, ఒక్కరే నడుస్తూ నడుస్తూ ఆగేవారు. పక్కకు తప్పుకుని, వెనక ఎవరో వస్తున్నట్టు, వాళ్ళు అందుకోవాలన్నట్టు నిలబడేవారు. మళ్ళీ నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నడిచేవారు. చెప్పుడు మాట కాదండీ, నా కళ్ళతో నేను చూశాను. ఇంటికొచ్చాక నిలదీశాను.

"ఎవరి కోసం ఆగుతున్నారండీ మీరు?"

"మానస ఎప్పుడూ నాకు కుడిపక్కనే నడిచేదమ్మా. అటు చెవి వినపడదు కదా నాకు. ఎడమపక్క నడిచుంటే ఆ ఆయాసం వినేవాణ్ణి." కుడి చెవిని అరచేత్తో మూసుకున్నారు. "ఇప్పుడు ఆ చెవిలోనే వినపడతంది చంద్రకళా. ఊపిరి. గట్టెక్కితే చాలు, మొదలవుద్ది."

దేవుడి బిడ్డలం, దయ్యాలను నమ్మకూడదు. నమ్మనని నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నుంచి గట్టు మీద ఆయన కుడిపక్కన మాత్రం నేను నడవలేదు.

పోయిన ఏడాది అయ్యగారు ఒక మాట చెప్పారు. ఆయనకు ఒంట్లో బాగుండటం లేదట, క్రిస్మస్ తరువాత నెలకు ఒక్కసారే వస్తానన్నారు. "నడిపేవాళ్ళు లేకపోతే ఈ గుడి తలుపులు మూతపడతాయండీ నిత్యానందం గారూ" అన్నారు. ఆ మాటకు ముందుకొచ్చింది శ్రావ్య ఒక్కతే. పందొమ్మిదేళ్ళది, ఏలూరులో డిగ్రీ చదువుతోంది, తండ్రి చేపల మేత వేసుకుని ఆటో తోలతాడు. దాని గొంతు గురించి ఏం చెప్పను? వీధి చివర నవ్వితే మా ఇంట్లో పిల్లి లేచి కూర్చుంటుంది.

"పెదనాన్నగారూ, నాకు నేర్పండీ. కూటం నేను నడుపుతానండీ" అంది. వద్దన్నారు. రెండోసారి వచ్చింది, వద్దన్నారు. మూడోసారి నేను కలగజేసుకున్నాను. "మీ బాధ కోసం గుడికి తాళం వేయిస్తారా బావగారూ?" అని కాస్త గట్టిగానే అడిగాను. మా అక్క నా చెయ్యి గిల్లింది. అడిగేశాక నాకూ అయ్యో అనిపించింది గానీ, ఆయన ఒప్పుకున్నారు.

ఒప్పుకుని ఏం చేశారో తెలుసా? ఆ పిల్లను, దాని తండ్రిని వెంటబెట్టుకుని ఏలూరు వెళ్ళి గుండెకు స్కానింగు తీయించారు. డాక్టరు "ఏంటమ్మా నీ బాధ?" అని అడిగితే, "నాకేం లేదండీ, ఈయనకేనండీ బాధ" అందట. రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది. ఆయన నమ్మక, తాడేపల్లిగూడెంలో ఇంకో డాక్టరుకు చూపించారు. అక్కడా అదే మాట. "మా అమ్మాయిని పెళ్ళిచూపులకు కూడా ఇన్నిసార్లు చూడరండీ" అని తండ్రి నవ్వాడు. మేమూ నవ్వుకున్నాం.

ఆ తరువాత నవ్వు రాలేదు. కొత్త నోటు పుస్తకం కొన్నారు గానీ, చేతికి ఇస్తూ ఇస్తూ వదల్లేదు. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని అరనిమిషం నిలబడ్డారు. పాత నియమం ఆయనే కొట్టేశారు. "ముందు నీ మనవి రాయి, తరువాతే మిగతావి" అనేవారు. అది "నాకేం లేదండీ" అనేది. ఆ మాట వింటే ఆయన మొహం పాలిపోయేది. గట్టు మీద పది అడుగులకోసారి "కూర్చోమ్మా, ఊపిరి తీసుకో" అనేవారు. ఎండలో నడవొద్దు, గట్టిగా మాట్లాడొద్దు, ఆయాసం వస్తుంది. కంప్రెసర్ హోరులో గొంతులు దాటించిన మనిషి, ఉన్న గొంతు తగ్గించమంటాడా! పైగా "మానసా" అని పిలిచేవారు. మొదట్లో "శ్రావ్యనండీ" అనేది. తరువాత తరువాత "ఆయ్, చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

రెండు నెలల్లో పిల్ల మారిపోయింది. గొంతు సన్నబడింది. వీధి చివర నవ్వు వినపడటం మానేసింది. ఒకరోజు గట్టు మీద నాకంటే ముందు నడుస్తూ, ఆగి, వంగి చెప్పు సర్దుకుంది. చిన్నప్పుడు మానసను చూసిందే కదా, సరిగ్గా అలాగే సర్దుకుంది. గబగబా వెళ్ళి భుజం పట్టుకుని ఇటు తిప్పాను.

"ఏమే, నీ గొంతేమైంది? ఆ నడకేంటి?"

"ఇలా ఉంటే పెదనాన్నగారు కంగారు పడట్లేదు పిన్నీ. నేను గట్టిగా మాట్లాడితే ఆయన మొహం ఎలాగో అయిపోద్ది."

"అయితే నువ్వు ఇలాగే ఉండిపోతావా?"

"ఏం లేదులే పిన్నీ. అలవాటైపోద్ది" అంది, ఆ సన్నటి గొంతుతోనే.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పోయిన పిల్ల ఎలాగూ పోయింది, ఉన్న పిల్లను కూడా చేతులారా పోగొట్టుకుంటున్నాం. గుడి నిలబడాలని దీన్ని ముందుకు తోసింది నేనే కదా. ఆయనకు చెబుదామని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాను. గోడ వైపు చూస్తూ కూర్చున్న మనిషిని చూసి వెనక్కి వచ్చేశాను.

ఈ ఏడు ఫిబ్రవరిలో శ్రావ్య నడపవలసిన మొదటి కూటం వచ్చింది. మా అరుగు మీదే. అయ్యగారు లేరు, ఉన్నది మేమే, ఇరవై మంది దాకా. "మనవులు చెప్పండి" అంది శ్రావ్య. చెవి రిక్కిస్తే గానీ వినపడలేదు. ఒకామె కోడలి కాన్పు గురించి చెప్పింది. ఒకాయన చెరువులో చేప చచ్చి తేలిపోతోందన్నాడు. ఒకమ్మాయి డీయస్సీ పరీక్ష అంది. మా అక్క తన షుగరు సంగతి చెప్పింది. అన్నీ రాసుకుని, "అయ్యిందండీ" అంది.

"కాస్త ఆగండి" అన్నారు బావగారు, చెయ్యెత్తి.

ఆగాం. ఆయన గోడ వైపు చూశారు. చూసి చూసి, ఎప్పుడూ లేనిది, తల తిప్పి శ్రావ్య వైపు చూశారు.

"నీది చెప్పమ్మా."

"నాకేం లేదండీ."

"అలా అనకు. ఆ మాట అనకు తల్లీ. ఆ రోజు అంకె వేసి ఊరుకున్నావు. నీ నోరు నేనే నొక్కేశాను. నాది తప్పని ఆరేళ్ళ నుంచీ చెబుతున్నాను, నువ్వు పలకవు." రెండు చేతులూ జోడించారు. "మానసా, నన్ను క్షమించావా? ఒక్క మాట చెప్పమ్మా."

మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అందరి చూపూ శ్రావ్య మీదే. ఆ ఒక్క మాట అనేస్తే అయిపోతుంది కదా అనిపించింది నాకు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరేళ్ళుగా కంటిమీద కునుకు లేదు. నేను దాని పక్కనే కూర్చున్నాను, మోకాలితో పొడిచాను. "అనెయ్యవే, క్షమించానని అనెయ్" అన్నాను చెవిలో.

శ్రావ్య పెదవులు కదిలాయి. అనబోయింది, నేను చూశాను. అంతలో ఏమనుకుందో, పుస్తకం పట్టుకుని లేచి నిలబడింది.

"నేను శ్రావ్యనండీ పెదనాన్నగారూ." అది దాని సొంత గొంతు. వీధిలో సైకిలు మీద పోయేవాడు కాలు నేలకానించి ఆగాడు. "మానసక్క క్షమించిందో లేదో నాకు తెలీదండీ. ఆవిడ చెప్పాల్సిన మాట నేను చెప్పకూడదండీ."

ఆయన మొహం చూడలేకపోయాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత పొగరే నీకు, పెద్దాయన చేతులు జోడిస్తే ఆ ఒక్క మాటకు బిగుసుకుంటావా అని నోటిదాకా వచ్చింది. ఈలోగా అది వెళ్ళి ఆయన ఎడమపక్కన, చాప మీద కూర్చుంది.

"మీ మనవి చెప్పండి, రాసుకుంటాను. ఇన్నేళ్ళలో మీరెప్పుడూ చెప్పలేదంట కదండీ."

"నేను రాసేవాణ్ణమ్మా. నాకు మనవేంటి?"

"ఇప్పుడు రాసేది నేను కదండీ."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తరువాత చెప్పారు. ముప్పై ఏళ్ళు సంఘంలో పెద్దరికం చేసిన మనిషి, పిల్లా పెద్దా అందరి ముందూ, చెవిలో ఊపిరి సంగతి చెప్పారు, గట్టు మీద ఆగడం చెప్పారు, మానస తన వల్లే పోయిందని నమ్ముతున్నానని చెప్పారు. నేను ఏడ్చాను. పెళ్ళికూతురి నడక అని నేనన్న మాట కూడా బయట పెట్టాలనుకున్నాను, నాకు నోరు రాలేదు. శ్రావ్య ప్రతి ముక్కా రాసింది. మధ్యలో ఒకసారి "కాస్త నెమ్మదిగా చెప్పండి, చెయ్యి అందట్లేదు" అంది.

రాయడం అయ్యాక ఆయన తలమీద చెయ్యి పెట్టింది. మా సంఘంలో అలా చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది అయ్యగారు, ఆయన లేకపోతే పెద్దలు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఒక సంఘ పెద్ద తలమీద చెయ్యి పెట్టడం ఎవరమూ ఎరగం. ఎవరమూ వద్దనలేదు. ఆ ప్రార్థనలో బావగారు నేర్పిన మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. "ఈయన ఏం చేశారో నీకు తెలుసు ప్రభువా, ఏం చెయ్యలేదో నీకు తెలుసు, మాకు తెలీదు. ఈయన్ని నిద్రపోనివ్వు" అంది, దేవుడికి కూడా ఒక చెవి వినపడదేమో అన్నంత గట్టిగా.

ఆమెన్ అన్నాక ఎవరూ లేవలేదు. టీ పెట్టాలన్న సంగతి కూడా నాకు గుర్తు రాలేదు. బావగారు తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "ఆ ఒక్క మాట అబద్ధమైనా అని ఉంటే, ఈ పూట హాయిగా పడుకునేవాణ్ణి కదమ్మా" అన్నారు.

"పడుకునేవారండీ. వచ్చే వారం మళ్ళీ నన్నే అడిగేవారండీ."

ఆయన దాని వంక చూశారు. ఆ పిల్ల ముక్కు, కళ్ళు, చెవికున్న చిన్న దిద్దు, అన్నీ అప్పుడే కనపడుతున్నట్టు చూశారు. నేను ఉండబట్టలేక, "ఇంకా వినపడతందా బావగారూ?" అని అడిగాను. వినపడుతోందన్నట్టు తల ఊపారు. ఊపి, దానివైపే తిరిగి అడిగారు.

"వచ్చే గురువారం ఎవరింట్లో శ్రావ్యా?"

"మా ఇంట్లోనండీ. నాకు బస్సు దిగేసరికి రెండున్నర అయిపోద్ది. మీరు కాస్త ముందొచ్చి అందరినీ కూర్చోబెట్టాలండీ."

"ఆయ్, అలాగేనండీ" అన్నారు మా బావగారు.